హార్స్‌లీ కొండ మీద నాలుగు రోజులు: కాసేపు ధ్యానం, కాసేపు రాత

ధ్యానమూ కావాలి, రాసుకోవడమూ కావాలి అని బయల్దేరే ఆడవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. ఏదైనా ధ్యానకేంద్రంలో చేరిపోతే తీరిక దొరుకుతుంది, అక్కడే రాసుకోవచ్చు అనుకుంటారు. పది రోజులు మౌనంగా కూర్చుని శ్వాసనూ ఒంటినీ గమనించడం నేర్పే విపశ్యన కేంద్రాల్లో అది కుదరదు. వనస్థలిపురం దాటాక సాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్త అయినా, నాగార్జునసాగర్ హిల్ కాలనీలోని ధమ్మ నాగజ్జున అయినా, ఏలూరు వైపు విజయరాయిలో ఉన్న ధమ్మ విజయ అయినా నియమం ఒకటే. చేరిన రోజే ఫోనుతో పాటు పుస్తకాలూ, రాసుకునే సరంజామా అప్పగించేయాలి. పది రోజులు చదవడం, రాయడం లేదు. పదో రోజు పొద్దుటి దాకా మాటా లేదు. తెల్లవారుజామున నాలుగింటికి గంట, నాలుగున్నర నుంచి కూర్చోవడం, పదకొండుకే భోజనం, సాయంత్రం ఐదింటికి కొత్తవాళ్ళకు టీ, పండు. రాత్రి భోజనం ఉండదు. ఫీజు లేదు, కోర్సు పూర్తయ్యాక ఇవ్వాలనిపించింది ఇవ్వొచ్చు. ఆడవాళ్ళ గదులు, భోజనశాల, నడిచే దారి అన్నీ విడిగా ఉంటాయి కాబట్టి ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు బెంగ ఉండదు.

అయినా సంచి అడుగున చిన్న పాకెట్ నోటు దాచుకెళ్ళేవాళ్ళు ఉంటారు. దానివల్ల పోయేది నియమం ఒక్కటే కాదు. శ్వాసను చూడమంటే, శ్వాసను చూస్తున్న తన గురించి రాత్రికి ఏం రాయాలా అని మనసు వాక్యాలు పేర్చడం మొదలుపెడుతుంది. కూర్చున్న గంటంతా చిత్తుప్రతి అయిపోతుంది. విపశ్యనకు వెళితే దానికే వెళ్ళండి. రాత పని తిరిగొచ్చాక పెట్టుకోండి. పదకొండో రోజు పొద్దున్నే బయటికి పంపించేస్తారు. అక్కణ్ణుంచి నేరుగా ఇంటికి కాకుండా రెండు రోజులు ఇంకెక్కడైనా ఆగగలిగితే, ఆ రెండు రోజుల్లో రాసేది వేరేగా ఉంటుంది.

రాతను ధ్యానంలో భాగంగానే చూసే చోటూ ఉంది. హైదరాబాద్ దగ్గర చేగూరులోని కన్హా శాంతివనంలో నేర్పే హార్ట్‌ఫుల్‌నెస్ పద్ధతిలో, ధ్యానం అయ్యాక ఏమనిపించిందో డైరీలో రాసుకోమంటారు. కొత్తవాళ్ళకు ఒకటి రెండు రోజులు కూర్చోవడం అలవాటు కావడానికి ఇది బాగా పనికొస్తుంది, నేర్పినందుకు డబ్బు తీసుకోరు. కానీ ఆ డైరీ ధ్యానానికి లెక్కల పుస్తకం లాంటిది. అందులోంచి కథా కవితా పుట్టాలని ఎవరూ అడగరు, పక్కన కూర్చుని వినే బృందమూ ఉండదు. పైగా లక్షమంది పట్టే ధ్యానమందిరం ఉన్న చోటు. పెద్ద ఉత్సవాల రోజుల్లో వెళితే మౌనం కన్నా వరసలే ఎక్కువ కనిపిస్తాయి.

భీమిలి బీచ్ దారి మీద గదులు తీసుకుని తొట్లకొండ ఎక్కి కూర్చోవాలన్న ఆలోచన కూడా చాలామందికి వస్తుంది. రాతిలో తొలిచిన నీటితొట్ల వల్ల ఆ పేరొచ్చిన బౌద్ధ విహారం అది. భిక్షువుల గదుల పునాదుల మధ్య నిలబడి కింద సముద్రం చూస్తే ఎవరికైనా నాలుగు ముక్కలు రాయబుద్ధేస్తుంది. ఒక పూటకైతే సరే. నాలుగు రోజులకు మాత్రం ఉక్కపోత, వారాంతపు జనం కలిసి కూర్చోనివ్వవు.

అన్నీ బేరీజు వేస్తే, కలిసి ధ్యానం చేసి రాసుకునే ఆరు నుంచి ఎనిమిది మంది బృందానికి మదనపల్లె వైపే మొగ్గు. బెంగళూరు నుంచీ తిరుపతి నుంచీ పగటిపూటే చేరుకోవచ్చు, ఎండాకాలంలో కూడా కొండ మీద ఉండగలం. ఇంకో కారణం తరిగొండ, దాని సంగతి తర్వాత. రైల్లో వచ్చేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. మదనపల్లె రోడ్ స్టేషన్ ఊళ్ళో ఉండదు, దూరంగా సీటీఎం అనే ఊరి దగ్గర ఉంటుంది. రాత్రిపూట దిగేలా టికెట్లు తీసుకుంటే అక్కడ ఆటో కోసం వెతుకులాట. వెలుతురుండగా దిగేలా చూసుకోండి, లేదా కొండకు తీసుకెళ్ళే బండినే స్టేషన్‌కు రమ్మనండి. ఘాట్ మలుపుల్లో కడుపు తిప్పేవాళ్ళు ఎక్కే ముందు ఇడ్లీతో సరిపెట్టుకోవాలి.

ఇక్కడ బస రెండు రకాలు. మదనపల్లెకు పదిహేడు కిలోమీటర్ల చిల్లర దూరంలో రిషివ్యాలీ ఉంది. తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరు మదనపల్లె, 1895లో. ఆయన పెట్టిన బడి ఆవరణలోనే స్టడీ సెంటర్ ఉంది. ఆయన బోధనలు చదువుకోవడానికి వచ్చేవాళ్ళకు గదులిస్తారు, ముందుగా రాసి అడగాలి. శాకాహార భోజనం, గ్రంథాలయం, చుట్టూ గుట్టలు, పిట్టలు. ఇక్కడ ధ్యానం నేర్పేవాళ్ళెవరూ ఉండరు. పద్ధతులూ గురువులూ వద్దన్న మనిషి చోటు కదా! ఒంటరిగా, మహా అయితే ఇద్దరుగా వెళ్ళి నెమ్మదిగా చదువుకుంటూ రాసుకునేవాళ్ళకు ఇంతకన్నా మంచి చోటు ఈ చుట్టుపక్కల చెప్పలేం. కానీ ఎనిమిది మంది వెళ్ళి వరండాలో గుండ్రంగా కూర్చుని, గంట కొట్టుకుంటూ రాసి చదువుకోవడం అక్కడి తీరుకు నప్పదు. అది వాళ్ళ చదువుల ఆవరణ, మన శిబిరం కాదు.

బృందమైతే హార్స్‌లీ కొండే. మదనపల్లె నుంచి దాదాపు ముప్ఫై కిలోమీటర్లు, ఎత్తు నాలుగు వేల అడుగులకు పైనే. హార్స్‌లీ దొర పేరు రాకముందు దీన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. ఏనుగులు తిండి తెచ్చి సాకిన మల్లమ్మ అనే పిల్ల కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. రాతకు మొదటిరోజు ఇవ్వడానికి ఇంతకన్నా మంచి అంశం వేరే వెతుక్కోనక్కర్లేదు. పర్యాటక శాఖ హోటల్ ఉంది, ప్రైవేటు కాటేజీలున్నాయి. ఏది తీసుకున్నా ముందే ఫోన్ చేసి అడగాల్సినవి ఇవి: ఎనిమిది మంది నేల మీద కూర్చోగల హాలు కానీ, పైకప్పున్న వరండా కానీ ఉందా? వేడినీళ్ళు ఏ వేళల్లో వస్తాయి? కరెంటు పోతే జనరేటర్ ఎక్కడ పెట్టారు? ఈ మూడోది చాలామంది అడగరు. హాలు గోడ పక్కనే జనరేటర్ ఉంటే పొద్దుటి ధ్యానం కాస్తా దాని చప్పుడు వినడమే అవుతుంది.

శని, ఆదివారాలు బెంగళూరు కుర్రకారు బళ్ళేసుకుని వచ్చేస్తారు. స్పీకర్లు, క్యాంప్‌ఫైర్లు. అందుకని సోమవారం మధ్యాహ్నం చేరి గురువారం పొద్దున్నే దిగేలా పెట్టుకోవాలి. గది అద్దె కూడా తగ్గుతుంది. గదికి ఇద్దరు. గురక పెట్టేవాళ్ళు ముందే మొహమాటం లేకుండా చెప్పుకోవాలి, నిద్ర లేనివాళ్ళు పొద్దున్న కూర్చోగానే తూగుతారు.

ఇక రోజు ఎలా నడపాలి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న తొమ్మిదిన్నర వరకు మౌనం. ఆరింటికి ఇరవై నిమిషాలు కూర్చోవడం, పది నిమిషాలు మెల్లగా నడవడం, మళ్ళీ ఇరవై నిమిషాలు. నడకకు పదిహేను అడుగుల దారి చాలు, చివర ఆగి వెనక్కి తిరగాలి. ధ్యానంలోంచి లేచీ లేవగానే మాటామంతీ లేకుండా నోటుపుస్తకం తెరిచి పదిహేను నిమిషాలు చెయ్యి ఆపకుండా రాయాలి. కొట్టివేతలు లేవు. ఏమీ తోచకపోతే "ఏమీ తోచడం లేదు" అనే వాక్యాన్నే రాస్తూ పోవాలి, మూడోసారికి చెయ్యి విసుగుపుట్టి ఇంకోవైపు తిరుగుతుంది. ధ్యానానికీ రాతకూ మధ్య కాఫీ పెట్టొద్దు. కాఫీ వచ్చిందంటే మాటలొస్తాయి, మాటలొచ్చాక కాగితం మీదికి వచ్చేది ఆ మాటల మిగులే.

గంట కొట్టడానికి ఫోన్ వాడితే ఎవరో ఒకరి మెసేజ్ కనపడుతుంది. స్టీలు గ్లాసు అరచేతిలో పెట్టుకుని చెంచాతో ఒక్కసారి తట్టితే చాలు. టైము చూసే బాధ్యత రోజుకొకరిది.

కూర్చోవడానికి దుప్పటి నాలుగు మడతలేసి పిరుదుల కింద పెట్టుకోవాలి. మోకాళ్ళు తుంటి కన్నా కిందికి ఉండాలి. నలభై దాటినవాళ్ళలో సగం మందికి రెండో రోజుకల్లా మోకాళ్ళు మొండికేస్తాయి. చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీలు రెండు మూడు అడిగి పెట్టుకోండి. కుర్చీలో కూర్చుంటే తక్కువ ధ్యానం అనేదేం లేదు.

కూర్చున్నప్పుడే మంచి వాక్యం తట్టిందనుకోండి, లేచి రాసుకోవాలా? వద్దు. ఒక్కసారి లేస్తే ఆ తర్వాత ప్రతి ధ్యానమూ వాక్యం కోసం కాచుకుని కూర్చోవడమే అవుతుంది. నిలిచేదైతే గంట కొట్టాక కూడా ఉంటుంది.

కాగితం సంగతి కొండ మీద చిన్న విషయం కాదు. పొద్దున్న మంచు దిగితే పేజీలు మెత్తబడతాయి, జెల్ పెన్ను సిరా పాకుతుంది. మామూలు బాల్ పెన్ను, రెండు వందల పేజీల రూళ్ళ లాంగ్ నోటుబుక్, దానికి రబ్బరు బ్యాండు. విడి కాగితాలు తెచ్చుకుంటే గాలిబండ అనే పెద్ద రాతి మీద ఒక్క విసురుకు లోయలో ఉంటాయి. అసలు గాలిబండ మీద కూర్చుని రాసే పని పెట్టుకోవద్దు, అక్కడ నిలబడటానికే బలం కావాలి. సాయంత్రం నడకకు వెళ్ళి, గదికి వచ్చాక రాయండి. తినేవి చేతిలో పట్టుకెళ్ళొద్దు, కోతులు వదలవు.

ఫోన్‌లో తెలుగు టైపు చేసుకుంటామనేవాళ్ళకు ఒక మాట. ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకునే కీబోర్డులో ప్రతి మాటకూ ముందు ఇంగ్లీషు స్పెల్లింగ్ ఆలోచించాలి. ధ్యానం తర్వాత వచ్చే మాటకు అంత ఓపిక ఉండదు. అమెరికా నుంచి సెలవుల్లో వచ్చి చేరేవాళ్ళు ఒత్తులు మర్చిపోయామని సిగ్గుపడతారు. తప్పులతో రాయమనండి. సరిదిద్దుకోవడం మూడో రోజు పని.

పదకొండింటికి రెండో రాత. ఇక్కడ ఒక అంశం ఇవ్వాలి, అది చేత్తో పట్టుకోగలిగేదై ఉండాలి: అమ్మ కొంగుముడి, పోపులపెట్టె, అత్తగారింట్లో మొదటిరోజు పడుకున్న చాప. "స్వేచ్ఛ", "స్త్రీత్వం" అని ఇస్తే అందరూ ఉపన్యాసాలే రాస్తారు. మొదటిరోజు ఎవరు రాసినా ఇలాగే ఉంటుంది: "ఈ కొండల మధ్య మనసుకు ఎంతో ప్రశాంతత కలిగింది." రెండోరోజు అదే మనిషిని, స్నానానికి వెళ్ళొచ్చాక అక్కడ చూసింది మాత్రమే రాయమంటే: "బకెట్లో మగ్గు బోర్లా తేలుతోంది. కింద చిక్కుకున్న గాలి వల్ల ములగడం లేదు. వేలితో నొక్కితే ఒకసారి గుడగుడమని మళ్ళీ పైకొచ్చింది." ఇందులో ప్రశాంతత అన్న మాట లేదు. పొద్దున్న నలభై నిమిషాలు కూర్చున్నందుకు రాతలో కనిపించే ఫలితం ఇదే, చూసేదాకా ఆగడం.

చదివి వినిపించుకోవడం సాయంత్రం. మనిషికి నాలుగు నిమిషాలు, తర్వాత అర నిమిషం మౌనం. ఎనిమిది మందికి ముప్ఫై ఆరు నిమిషాలు పడుతుంది. పదిహేను మందిని పోగేస్తే గంట దాటిపోయి చివరివాళ్ళకు ఆవలింతలే మిగులుతాయి, అందుకే ఎనిమిది దాటొద్దనేది. విన్నాక మెచ్చుకోళ్ళు లేవు, సలహాలు అసలే లేవు. నచ్చిన ఒక మాటను తిరిగి పలకడం మాత్రం ఉంటుంది. చదవనంటే బలవంతం లేదు. శిబిరాలు చెడేది ఇక్కడే. ఎవరో అత్తవారింటి సంగతి రాసి ఏడుస్తారు, నలుగురూ చుట్టూ చేరి "మా ఇంట్లోనూ అంతే వదినా" అని మొదలుపెడతారు, రాత పక్కకు పోయి పంచాయితీ అవుతుంది. ఏడ్చేవాళ్ళను ఏడవనివ్వాలి. నీళ్ళిచ్చి, ఆవిడ ఊ అంటే తర్వాతి వాళ్ళు చదవాలి. మాట్లాడాలనుకుంటే రాత్రి ఒక్కరితో మాట్లాడుకోవచ్చు. చదివినదాన్ని ఎవరూ ఫోటో తీయకూడదు, వాట్సాప్‌లో పెట్టకూడదు. ఈ నియమం బయల్దేరక ముందే అందరితో ఒప్పించాలి. ఈమధ్య ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్ళు, మానసిక సమస్యలకు మందులు వాడుతున్నవాళ్ళు తమ డాక్టర్‌ని అడిగాకే మౌనంలో కూర్చోవడం మంచిది. కళ్ళు మూసుకుంటే ఊపిరాడనట్టు అనిపించినవాళ్ళు వెంటనే కళ్ళు తెరిచి బయటికొచ్చి నడవొచ్చు.

ఇంటి ఫోన్లకు మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రెండు వరకు. "గ్యాస్ వాడొచ్చాడు, సిలిండర్ ఎక్కడ" అనే కాల్ పొద్దున్న ఏడింటికి వస్తే ఆ పూట ధ్యానం గోవిందా. అత్యవసరానికి హోటల్ నంబరు ఇంట్లో ఇచ్చి రండి. శానిటరీ ప్యాడ్లు, వాటిని చుట్టి పారేయడానికి పాత పేపర్లు, స్వెటర్, మామూలుగా వేసుకునే మాత్రలు కింద నుంచే తెచ్చుకోవాలి, కొండ మీద దుకాణాలు నమ్ముకోలేం.

భోజనం విషయంలో ఒక్కటే జాగ్రత్త. ఈ సీమలో రాగిసంగటి, ఊరిబిండి కడుపారా తినకుండా ఉండలేరు, తిన్నాక రెండింటికి కూర్చోలేరు. మధ్యాహ్నం గంట సేపు పడుకోనివ్వండి, మూడున్నరకు నడకతో మొదలుపెట్టండి.

చివరిరోజు దిగేటప్పుడు బండిని గుర్రంకొండ వైపు తిప్పి తరిగొండ వెళ్ళాలి. పద్దెనిమిదో శతాబ్దంలో వెంగమాంబ పుట్టిన ఊరు. బాలవితంతువు, తల గొరిగించుకోనంది. ఊళ్ళోని నరసింహస్వామి గుడిలో ఆంజనేయుడి విగ్రహం వెనక ఎవరికీ కనపడకుండా ధ్యానంలో కూర్చునేదనీ, పూజారి చూసి బయటికి ఈడ్చాడనీ, అప్పుడే తిరుమల దారి పట్టిందనీ చెప్పుకుంటారు. అక్కడ తుంబురుకోనలో ఏళ్ళతరబడి ఒంటరిగా సాధన చేసింది, యోగం మీదా వేంకటాచలం మీదా కావ్యాలు రాసింది. తిరుమలలో రాత్రి ఏకాంతసేవలో ఆమె పేరు మీద ముత్యాలహారతి ఇప్పటికీ ఇస్తారు. మధ్యాహ్నం గుడి తలుపులు మూస్తారు కాబట్టి పొద్దున్నే కొండ దిగాలి. గుళ్ళో చదవడాలూ గంటలూ పెట్టుకోవద్దు. దర్శనం చేసుకుని బయట అరుగు మీద పది నిమిషాలు ఊరికే కూర్చుని, నోటుబుక్‌లో మిగిలిన పేజీ తీయండి. అంశం ఎవరూ ఇవ్వక్కర్లేదు.