‘యూనివర్సల్ ఎక్స్‌పోర్ట్’కి డబ్బు కట్టకండి: మన ఫైల్‌కే తాళం వేసి, తాళంచెవి మనకే అమ్ముతున్నారు

ఒళ్ళు మండిపోతూ రాస్తున్నాను, టైపింగ్ తప్పులుంటే సర్దుకోండి. ఆ మల్టీసిగ్ యాప్ గురించే, అంటే ఒకరికి మించి సంతకం పెడితేనే డబ్బు కదిలే బిట్‌కాయిన్ వాలెట్లు నడిపే యాప్. ఏదో మీకు తెలుసు, ఈ మధ్య ఏ వీడియో పెట్టినా ముందు దాని ప్రకటనే వస్తోంది. పేరు రాస్తే లీగల్ నోటీసు పంపే రకం, కాబట్టి రాయను.

నేను, మా తమ్ముడు, ఒక స్నేహితుడు కలిసి ఒక బిట్‌కాయిన్ వాలెట్ నడుపుతున్నాం. ముగ్గురిలో ఇద్దరు సంతకం పెడితేనే కదులుతుంది. దాని కోసం ఏడాది లైసెన్స్ కొన్నాను. ఎందుకు కొన్నానంటే, సేల్స్ పేజీలో లావుపాటి అక్షరాలతో ఇలా ఉంది: ‘మా ఫైళ్ళకు రిజిస్టరైన స్టాండర్డ్ మీడియా టైప్ ఉంది, ఏ వాలెట్‌లోనైనా తెరుచుకుంటాయి.’ మీడియా టైప్ అంటే ఇది ఏ రకం ఫైలో చెప్పే పేరు. నమ్మాను. ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్ల మధ్యే బతుకుతున్న మనిషిని, నమ్మేశాను!

నేను సంతకం పెట్టి ఫైల్ పంపితే తమ్ముడి ఫోన్‌లో ‘తెరవడానికి తగిన యాప్ లేదు’ అని వచ్చింది. వాడిది వేరే వాలెట్. అందులోంచి ఇంపోర్ట్ చేస్తే ‘చెల్లని ఫైల్’ అంది. యాప్‌లో వెతికితే ‘యూనివర్సల్ ఎక్స్‌పోర్ట్’ అని ఒక బటన్ కనబడింది, పక్కనే బుల్లి తాళం బొమ్మ. నొక్కితే డబ్బు కట్టమంది. తొందరలో ఉన్నాను, కట్టేశాను. అప్పుడొచ్చిన ఫైల్ చక్కగా తెరుచుకుంది. పని అయిపోయింది కదా అని ఊరుకుంటే నాకీ పోస్టు రాసే పని ఉండేది కాదు.

రాత్రి నిద్ర పట్టక రెండు ఫైళ్ళనూ హెక్స్ ఎడిటర్‌లో, అంటే ఫైల్‌లోని బైట్లన్నీ చూపించే సాధనంలో, పక్కపక్కన పెట్టి చూశాను. అందరికీ తెలిసిన పీఎస్‌బీటీ, అంటే సంతకాలు ఇంకా పూర్తికాని లావాదేవీ ఫైల్, ఎప్పుడూ ఐదే బైట్లతో మొదలవుతుంది: 70 73 62 74 ఎఫ్‌ఎఫ్. మొదటి నాలుగూ ‘పీ ఎస్ బీ టీ’ అనే అక్షరాలే. డబ్బు కట్టి తెచ్చుకున్న ఫైల్ అలాగే మొదలైంది. డబ్బు కట్టకముందు వచ్చిన ఫైల్‌లో దానికి ముందు ఎనిమిది బైట్లున్నాయి. నాలుగు వాళ్ళ బ్రాండ్ అక్షరాలు, ఒకటి వెర్షన్ నంబర్, మూడు సున్నాలు. ఆ తర్వాత 70 73 62 74 ఎఫ్‌ఎఫ్. అక్కణ్ణుంచి చివరిదాకా రెండూ ఒక్కటే, ఒక్క బైట్ తేడా లేదు.

ఆ ఎనిమిదీ చెరిపేసి, ఎక్స్‌టెన్షన్ మార్చి తమ్ముడికి పంపాను. తెరుచుకుంది. ఎనిమిది బైట్లు చెరపడానికి నా దగ్గర డబ్బు తీసుకున్నారన్నమాట!

ఇక్కడే నా తెలివి చూడండి. ఇదేదో బగ్ అనుకుని, గొప్పగా స్క్రీన్‌షాట్లతో సహా సపోర్ట్‌కి రాశాను. ‘ఇలా ఉంది, సరిచేయండి, ఎక్స్‌పోర్ట్‌కి కట్టిన డబ్బు వెనక్కివ్వండి’ అని. అంతవరకూ ‘తప్పకుండా మేడమ్, చూస్తాం మేడమ్’ అన్న మనిషి పది నిమిషాలు చప్పుడు చేయలేదు. తర్వాత వచ్చిన జవాబు: ‘మీరు మా సొంత ఫార్మాట్ ఫైల్‌ను మార్చినట్టు మీరే ఒప్పుకున్నారు. ఇది నిబంధనల ఉల్లంఘన. రీఫండ్ వర్తించదు. మీ లైసెన్స్ సస్పెండ్ చేస్తున్నాం.’

నా లావాదేవీ, నేను పెట్టిన సంతకం. ఫైల్ మాత్రం వాళ్ళ సొంతమట. నేను పంపిన స్క్రీన్‌షాట్‌నే నా మీద సాక్ష్యంగా పెట్టారు.

సరే, రిజిస్టరైన స్టాండర్డ్ అన్నారుగా, ఎక్కడ రిజిస్టరైంది అని అడిగాను. ‘మా సిస్టమ్‌లో రిజిస్టరై ఉంది మేడమ్’ అన్నాడు. అయ్యా, మీడియా టైప్‌ల రిజిస్ట్రీ ఉండేది అయానా (ఇంటర్నెట్ పేర్లు, నంబర్ల పట్టికలు నిర్వహించే సంస్థ) దగ్గర. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. వెళ్ళి వెతికాను, వీళ్ళ పేరు లేదు. వీళ్ళ సర్వర్ ఫైల్‌తో పాటు పంపే పేరు ‘అప్లికేషన్’ తర్వాత ‘ఎక్స్’, హైఫన్, బ్రాండ్ పేరు. అలా ‘ఎక్స్’ తగిలించి కొత్త పేర్లు పెట్టొద్దని 2012లోనే ఆర్‌ఎఫ్‌సీ 6648 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం చెప్పింది. కంపెనీల కోసం వెండర్ పేర్ల వరస వేరే ఉంది, 2013 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6838లో పద్ధతంతా రాసి ఉంది. దరఖాస్తు పెట్టుకోవడానికి రుసుము కూడా లేదు! వీళ్ళు అదీ చేయలేదు.

అసలు సేల్స్ పేజీలో ఆ వాక్యం చదవగానే నాకు అనుమానం రావాల్సింది. పీఎస్‌బీటీని నిర్వచించిన బిప్ 174 (బిప్ అంటే బిట్‌కాయిన్ మెరుగుదల ప్రతిపాదన) పత్రంలోనే ‘మైమ్ టైప్ (మీడియా టైప్‌కి పాత పేరు) పేరు రిజిస్టరయ్యాక ఇక్కడ చేరుస్తాం’ అనే అర్థంలో ఒక వాక్యం ఉంది. అది నేను ఎప్పుడో చదివాను కూడా. చదివి, మర్చిపోయి, కార్డు నంబర్ కొట్టాను. నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి.

ఈ రంగమంతా ఇలాగే ఉంది లెండి. 2013లో బిప్ 71 చెల్లింపు సందేశాలకు మూడు టైప్‌లు రాసుకుంది, తర్వాత ఆ చెల్లింపు పద్ధతినే బిట్‌కాయిన్ ప్రధాన సాఫ్ట్‌వేర్ అయిన బిట్‌కాయిన్ కోర్ వదిలేసింది. దాని వాలెట్ ఫైల్‌కి వాలెట్.డ్యాట్ (wallet.dat) అనే ఒకే పేరు, లోపల డేటాబేస్ మాత్రం పాతదైతే బర్క్‌లీ డీబీ, కొత్తదైతే ఎస్‌క్యూలైట్. ఎథీరియం అనే ఇంకో క్రిప్టోలో కీలు దాచే కీస్టోర్ ఫైల్ లోపల జేసాన్ అనే టెక్స్ట్ ఫార్మాటే అయినా చాలాసార్లు పేరు చివర ఎక్స్‌టెన్షన్ కూడా ఉండదు. పైగా చాలా సర్వర్లు ఇలాంటివన్నీ ‘ఆక్టెట్-స్ట్రీమ్’ అని పంపేస్తాయి, అంటే ‘ఏవో బైట్లు, లోపలేముందో నన్నడక్కు’ అని. అందరూ ఒప్పుకున్న పేరంటూ లేని చోట ఎవడైనా తన పేరు అంటించి స్టాండర్డ్ అనేయొచ్చు. వీళ్ళకు దొరికిన సందు అదే.

లైసెన్స్ పోయింది, ఎక్స్‌పోర్ట్ డబ్బు పోయింది, యాప్‌లో రాసుకున్న లేబుళ్ళు, నోట్స్ అన్నీ పోయాయి. నాణేలు మాత్రం భద్రం, సంతకం పెట్టే రహస్య కీలు మా ముగ్గురి దగ్గరే ఉన్నాయి కాబట్టి.

కొనేవాళ్ళకు రెండు ముక్కలు. ట్రయల్‌లో ఉండగానే ఒక ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేసి వేరే కంపెనీ వాలెట్‌లో తెరిచి చూడండి. ‘రిజిస్టర్డ్’ అంటే అయానా లింక్ అడగండి. ఇంకోటి, ఏదైనా కనిపెడితే ముందు రీఫండ్ తీసుకుని తర్వాత చెప్పండి, నాలాగా ముందే ఊదేయకండి.

సస్పెండ్ చేశారు గానీ ఆటో-రెన్యువల్ మాత్రం ఆన్‌లోనే ఉంచారట, ఇప్పుడే మెయిల్ వచ్చింది. కార్డు బ్లాక్ చేయించడానికి బ్యాంక్‌కి ఫోన్ చేస్తున్నాను, కామెంట్లకు తర్వాత జవాబిస్తాను.