సబ్సిడీని నమ్మి పెల్లెట్ మెషిన్‌కు అడ్వాన్స్ కట్టకండి

పరకాల, నర్సంపేట, భూపాలపల్లి వైపు అన్నలకు, తమ్ముళ్లకు ఒక మాట. పత్తి కట్టెతో పెల్లెట్లు (పొడి చేసి గట్టిగా నొక్కిన ఇంధనం ముక్కలు) చేసే మెషిన్ ఇస్తాం, మూడో వంతు డబ్బు కేంద్రమే పెడుతుందని ఎవరైనా మీ ఊరికి వస్తే, సంతకం పెట్టే ముందు ఇది చదవండి.

2024 జనవరిలో నేనూ మా బామ్మర్దీ కలిసి గంటకు టన్ను తీసే మెషిన్ మాట్లాడుకున్నాం. ధర 28 లక్షలు. ఏజెంట్ కాగితం మీద లెక్క వేసి చూపించాడు. సబ్సిడీ 9 లక్షలు, బ్యాంకు లోను 16 లక్షలు, మా చేతి నుంచి పడేది 3 లక్షలే. సబ్సిడీ ఫైలు ఖర్చుల పేరుతో ఇంకో 85 వేలు తీసుకున్నాడు. దానికి రసీదు ఇవ్వలేదు, మేమూ గట్టిగా అడగలేదు.

ఆ 9 లక్షలు అబద్ధం కాదు. 2022 నవంబర్‌లో వచ్చిన కేంద్ర బయో ఎనర్జీ పథకంలో గంటకు టన్ను సామర్థ్యానికి అప్పట్లో 9 లక్షలని ఉండేది. కానీ ఆ డబ్బు ఎప్పుడు వస్తుందో ఏజెంట్ చెప్పలేదు. ప్లాంటు మొత్తం మన డబ్బుతో కట్టి, నడిపించి, తనిఖీలో సామర్థ్యం చూపించాకే వస్తుంది. అందాకా ఆ 9 లక్షలు ఎవరు పెట్టాలి? మేమే పెట్టాం, నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి. నెలకు 18 వేలు మిత్తికే పోయింది.

మూడు నెలలు ఆలస్యంగా వచ్చిన మెషిన్ గంటకు 400 కిలోలు దాటలేదు. పత్తి కట్టెను వేళ్లతో పీకుతాం కదా, వాటికి అంటుకున్న మట్టి, రాళ్లతో పొడిని నొక్కే డై, రోలర్లు తొందరగా అరిగిపోయాయి. కట్టె దొరికేది ఎండాకాలం ముందు కొన్ని నెలలే. నిల్వకు షెడ్డు లేక వానకు సగం తడిసింది. తేమ ఎక్కువైతే థర్మల్ ప్లాంటుకు పనికిరాదు. సామర్థ్యం రాలేదు కాబట్టి సబ్సిడీ తనిఖీకి పోయే దారే లేదు.

రామగుండం థర్మల్ ప్లాంటు వాళ్లు ఎంతైనా కొంటారని కూడా ఏజెంట్ చెప్పాడు. బొగ్గు ప్లాంట్లలో 5 శాతం పెల్లెట్లు కలపాలన్న నిబంధన నిజమే. కానీ కొనేది టెండర్ల మీద, పెద్ద ఎత్తున. మాలాంటి చిన్నవాళ్లు పెద్ద సప్లయర్ చెప్పిన రేటుకే అమ్ముకోవాలి.

ఇలాగే మా బాపు కాలంలో బయోడీజిల్ కోసం అడవి ఆముదం (జట్రోఫా) వేయమన్నారు. దాన్ని లీటరు 25 రూపాయలకు కొంటామని కేంద్రం 2005లో ప్రకటిస్తే, తయారీ ఖర్చే అంతకంటే ఎక్కువైంది. చివరికి ఆ చెట్లు కొట్టేసి పత్తి వేసుకున్నాం. అది తెలిసి కూడా నేను మోసపోయానంటే బాధగా ఉంది.

కొనాలనే ఉంటే, ముందు సబ్సిడీ సున్నా అనుకుని కిస్తీ కట్టగలమా చూసుకోండి. ఆ మెషిన్ ఇప్పటికే నడుస్తున్న చోటుకు పోయి, మీ కట్టెతోనే రెండు గంటలు నడిపించి తూకం వేయించండి. గంటకు ఎంత తీస్తుందో, తీయకపోతే డబ్బు ఎప్పుడు వాపసు ఇస్తారో అగ్రిమెంట్‌లో రాయించండి. కరెంటు లోడు ఒక హద్దు దాటితే హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) కనెక్షన్ కావాలి, ఆ ఖర్చు ఏ ఏజెంటూ చెప్పడు. సబ్సిడీ దరఖాస్తు కేంద్రం వాళ్ల బయోఊర్జా పోర్టల్‌లో మనమే పెట్టుకోవచ్చు. ఆ పథకం మొదటి దశకు గడువు 2026 మార్చి 31 అని పెట్టారు, అందుకే తేదీలు, రేట్లు ఏజెంట్ నోటి మాట మీద కాకుండా అక్కడే చూసుకోండి.

ఇప్పటికే కట్టి ఇరుక్కున్నవాళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. సొంతంగా నడుపుకుని బతకడానికి కొన్న మెషిన్ అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. మేము వేశాం. బిల్లు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్లు, ఏజెంట్ వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ దాచి ఉంచాం కాబట్టి వేయగలిగాం. ఆ 85 వేలకు మాత్రం మా దగ్గర ఏ ఆధారమూ లేదు.