ఏడు ఖరీఫ్‌లు నేల కప్పి సేద్యం చేసినాక: కంబదూరు ఎర్రచేను అనుభవం

మొన్న రోహిణి కార్తెలో పక్క మండలం నుంచి ఇద్దరు ఆడోళ్లు మా చేను చూడ్డానికి వచ్చినారు. "అక్కా, నువ్వు ఎండాకాలం దుక్కి మానేసినావంట, నేలమీద చెత్త కప్పుతావంట. ఊరికే చెప్తారా, నిజంగా పనిచేస్తుందా?" అని అడిగినారు. పొద్దుగూకేదాకా చేనంతా తిప్పి చూపించినా. వాళ్లు పోయినాక ఆ మాటలే రాసి పెడదామనిపించింది. ఒక్క ఏడు చేసి మెచ్చుకున్నోళ్లూ ఉన్నారు, ఒక్క ఏడు చేసి వదిలేసినోళ్లూ ఉన్నారు. నేను 2018 నుంచి 2024 దాకా ఏడు ఖరీఫ్‌లు చేసి చూసినా. అందులో మంచి వానల ఏండ్లున్నాయి, గింజ రాని ఏండ్లూ ఉన్నాయి.

మాది అనంతపురం జిల్లా, కంబదూరు మండలం. ఐదెకరాలు. మూడెకరాలు మెట్ట, రెండెకరాలు బోరు కింద. ఎర్ర గరప నేల, మూరెడు తవ్వితే గరుసు తగులుతుంది. గట్టి వాన కొట్టి, మర్నాడు ఎండ కాస్తే పైన పెచ్చు కట్టేస్తుంది. ఆ పెచ్చును చీల్చుకొని రాలేక మొలక లోపలే వంగిపోతుంది.

జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల దగ్గర. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్యం వానలు తూర్పు తీరం దాటి మాదాకా వచ్చేసరికి బలం తగ్గుతాయి. ఈ సేద్యం గురించి పెట్టిన మీటింగుకు మొదటిసారి పోయినప్పుడు ఒకాయన నేలమీద పుల్లతో గీసి లెక్క చెప్పినాడు. ఎకరాలో ఒక్క మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లు. అంటే కరువు సీమ అనుకునే మా ఎకరా మీద కూడా ఏడాదికి 22 లక్షల లీటర్లు పడుతున్నాయి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 380 అడుగుల లోతు నుంచి తోడే నీళ్ల కోసం నేను దేవుళ్లకు మొక్కుతున్నా. నా చేన్లో పడిన వాన మాత్రం ఎర్రగా వంకలోకి పోతుంటే గట్టు మీద నిలబడి చూసేదాన్ని.

మొదటి ఏడాది మూడెకరాల్లో ఒక్క ఎకరాలోనే మొదలుపెట్టినాం. అదే మంచిదైంది. 2018 కరువు సంవత్సరం. వానలకు ముందే నవధాన్యాలు చల్లాలన్నారు: సజ్జ, కొర్ర, జొన్న, అలసంద, పెసర, ఉలవ, అనుము, ఆముదం, జనుము అన్నీ కలిపి. గింజలను బంకమట్టి, బూడిద, ఘనజీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి కలిపి ఆరబెట్టిన ఎరువు)తో పూత పూసి గుళికల మాదిరి చేస్తే చీమలు, పిట్టలు ఎత్తుకుపోవు, చినుకు పడిందాకా నేలలో అట్లే ఉంటాయి. ఈ మాట నిజమే, కానీ పూత సరిగా ఆరితేనే. మాకు వస్తాయన్న గింజలు చెప్పిన తేదీకి రాలేదు. వచ్చినాక హడావిడిగా పూత పూసి, తడి ఆరకముందే మూటల్లో కట్టినాం. సగం బూజు పట్టింది. ఇప్పుడు గింజలు నేనే సంక్రాంతి నుంచి డబ్బాల్లో దాచుకుంటా. నీడలో రెండు రోజులు ఆరబెట్టనిదే మూట కట్టను.

అన్నిటికన్నా పెద్ద చిక్కు చెనిక్కాయ (వేరుశనగ) దగ్గరే వచ్చింది. ఈ పద్ధతి చెప్పేవాళ్లలో చాలామంది దీన్ని దాటేస్తారు. నేలను తక్కువ కదిలించు, ఎప్పుడూ కప్పి ఉంచు, రకరకాల పంటలు మార్చు: ఈ మూడే దీని సూత్రాలు. చెనిక్కాయ మూడింటికీ అడ్డమే. కాయ నేలలో ఊరుతుంది, పీకాలంటే నేల తిరగబడాల్సిందే. పీకినాక కట్టె చేన్లో వదిలిపెడదామంటే ఇంట్లో రెండు ఎనుములు ఉన్నాయి, వాటికి ఎండాకాలమంతా ఆ కట్టే మేత. విత్తేటప్పుడు చేన్లో చెత్త ఉంటే గొర్రు పళ్లకు చుట్టుకొని గింజ ఒకచోట కుప్పగా, ఒకచోట ఖాళీగా పడుతుంది. 2019లో అట్లే పాతిక శాతం చాళ్లు ఖాళీగా పోయినాయి. మా అత్త చేను గట్టు మీద కూర్చొని ఏడ్చింది. "పుట్టినకాడి నుంచి దున్ని విత్తిన చేను మ్మే ఇది" అనింది. ఆమె ముందర నేను ఏం మాట్లాడలేకపోయినా.

దానికి నేను కనుక్కున్న దారి ఇదీ. మూడెకరాల మెట్టలో చెనిక్కాయను ఒక్క ఎకరాకు తగ్గించినా, అదీ ఏడాదికొక ఎకరా మారుస్తా. ఆ ఎకరాలో మాత్రం పదునుకు ఒకసారి పైపైన గుంటక తోలి విత్తుతాం. చెనిక్కాయ ఏడు సాళ్లకు కంది ఒక సాలు. ప్రతి 3.6 మీటర్లకు ఒక గొడ్డుసాలు, అంటే గింజ వేయకుండా వాన నీళ్లు నిలవడానికి వదిలే సాలు, వాలుకు అడ్డంగా తీస్తాం. ఈ గొడ్డుసాళ్లు కొత్తవేం కావు, పరిశోధనా కేంద్రాలు ఎప్పటి నుంచో చెబుతున్నవే. ఖర్చు లేని పని, దున్నేవాళ్లూ దున్ననివాళ్లూ అందరూ చేయదగింది. మిగతా ఏమీ చేయలేకపోయినా ఇదొక్కటి చేయండి. వానకు చేన్లో నీళ్లు పరుగెత్తేచోట నడక నేర్చుకుంటాయి.

మిగిలిన రెండెకరాల్లో కంది, కొర్ర, అలసంద, గట్టు వెంట ఆముదం. దుక్కి లేదు. ముందు చల్లిన నవధాన్యాలను నలభై ఐదు, యాభై రోజులకు కోసి సగం ఎనుములకు వేస్తాం, సగం అక్కడే పడేస్తాం. దాని మధ్యలో చిన్న గడ్డపారతో గుంత చేసి కంది వేస్తాం. కొర్ర అట్లా కుదరదు కాబట్టి దానికి చెత్త పక్కకు జరిపి సన్నగా సాలు తీస్తాం. విత్తనం ఖర్చు చూసుకోండి: చెనిక్కాయకు ఎకరాకు అరవై కిలోల పైన పప్పు కావాలి, కొర్రకు రెండు కిలోలు చాలు. వాన మోసం చేసిన ఏడు ఎంత పోగొట్టుకుంటామన్నది ఇక్కడే తేలుతుంది. కొర్రల కష్టం అమ్మకంలో ఉంది. పొట్టు తీసే మిల్లు దగ్గర్లో లేక పోయిన ఏడు కూడా పది మూటలు ఆటోలో వేసుకొని దూరం పోయినాం.

కలుపు గురించి ఉన్నదున్నట్టు చెప్తా. మొదటి రెండేండ్లు ఎక్కువ వచ్చింది. దుక్కి లేకపోతే గరిక, తుంగ ఊరుకోవు. నాతోపాటు ముగ్గురు ఆడోళ్లు వంగి వంగి తీసినాం. మూడో ఏటి నుంచి కప్పు మందంగా ఉన్నచోట బాగా తగ్గింది, పలచగా ఉన్నచోట ఇప్పటికీ ఉంది. మగవాళ్లు ట్రాక్టరు బాడుగ మిగిలింది అని లెక్క చెబుతారు. ఆ మిగులులో సగం ఆడోళ్ల నడుముల మీద పడుతుందన్న సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోండి. మా ఇంట్లో మాట్లాడుకున్నాకే మా ఆయన కూడా వంగినాడు. ఇంకొకటి, ఎండిన చెత్త కింద చెదలు చేరతాయి. పచ్చిగా ఉన్నప్పుడే ద్రవజీవామృతం (అవే సరుకులు నీళ్లలో పులియబెట్టింది) చల్లితే తొందరగా కుళ్లి చెదలు తక్కువైనాయి మా చేన్లో. అందరికీ అట్లే అవుతుందని నేను చెప్పను.

నేల మారిందా అంటే మారింది, నాలుగో ఏట. అంతకుముందు మారిందని ఎవరు చెప్పినా నమ్మను. మా చేన్లో పెచ్చు కట్టడం తగ్గింది. గడ్డపార వేస్తే జానెడు లోతున తేమ చేతికి తగులుతుంది, పక్కచేన్లో అదే రోజు తవ్వితే దుమ్ము. 2022లో వానలు దంచికొట్టినప్పుడు మా చేను నుంచి వంకలోకి పోయిన నీళ్లు ఆ మునుపటి ఎర్రరంగులో లేవు. వానపాముల మట్టి ఉండలు మా అత్త మొదటిసారి చూసి, చేతిలోకి తీసుకొని వాసన చూసింది. అప్పటి నుంచి ఆమె దుక్కి మాట ఎత్తలేదు.

2023 ఆగస్టు అసలు పరీక్ష. 1901 నుంచి లెక్కలున్న కాలంలో దేశంలో అంత ఎండిన ఆగస్టు లేదని వాతావరణ శాఖే చెప్పింది. మా చేన్లో నెల పైన చినుకు లేదు. కప్పు కింద ఉన్న కంది ఆకు వాలింది గానీ చావలేదు, సెప్టెంబరు వానకు లేచింది. అలసంద కొంచెం నిలిచింది. చెనిక్కాయ మాత్రం ఊడలు (పూత తర్వాత నేలలోకి దిగి కాయలయ్యే కాడలు) దిగేటప్పుడు బెట్ట తగిలి, నీళ్లిచ్చినంత మేరే మిగిలింది. మా చేన్లో చూసినంతవరకు, నేల కప్పడం వల్ల పంట పది, పన్నెండు రోజులు ఎక్కువ ఓర్చుకుంటుంది. నెలరోజుల బెట్టకు అది ఒక్కటే సరిపోదు. అక్కడ నీళ్లు కావాలి, ఆ నీళ్లు ఒక్కరి దగ్గర ఉండవు.

మా బోరు మోటరు కింద రెండు వందల లీటర్ల డ్రమ్ము పెట్టి కొలుస్తా. 2018 ఎండాకాలంలో నిండడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అంటే గంటకు 3,000 లీటర్లు, తొమ్మిది గంటలు మోటరు ఆడితే 27,000. ఒక ఎకరాకు ఇరవై మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే 80,000 లీటర్లు కావాలి. నా ఒక్క బోరుతో మూడు రోజులు. బోరు లేనివాళ్ల మాటేమిటి? వాళ్లు అప్పు చేసి మన పక్కనే ఇంకో బోరు వేస్తారు, రెండూ ఎండిపోతాయి. ఒక బోరు ఉండి కూడా మా మరిది అట్లే ఇంకో రెండు వేసి దుమ్ము చూసినాడు. ఆ అప్పు తీరడానికి ఆరేండ్లు పట్టింది.

2019లో మా వంక పక్క ఏడు కుటుంబాలం కూర్చున్నాం. బోర్లు మూడు: మాది, మరిదిది, చిన్నాయనది. నలుగురికి బోర్లే లేవు. మూడు బోర్లకూ ఒకే పైపులైను కలిపి, ప్రతి కుటుంబానికీ ఒక ఎకరా మెట్టపంటకు కష్టకాలంలో తడి ఇవ్వాలని మాట. పదేండ్లు ఎవరూ కొత్త బోరు వేయకూడదు, వరి పెట్టకూడదు. బోరు లేనివాళ్లు పైపుల ఖర్చులో ఎక్కువ వాటా పెట్టి, కాలువ తవ్వకం చేసినారు. మూడూ కలిస్తే రోజుకు ఒక ఎకరా తడుస్తుంది. ఏడు రోజుల్లో అందరిదీ ఒక వరుస. చెనిక్కాయకు ఊడలు దిగేటప్పుడు ఆ వారం దొరకడమే ప్రాణం. బోరు వేయాలంటే అనుమతి తీసుకోవాలని 2002 వాల్టా చట్టం (నీళ్లు, భూమి, చెట్లను కాపాడే రాష్ట్ర చట్టం)లోనే ఉంది. కానీ మా ఊర్లో కొత్త బోరును ఆపింది మేము పుస్తకంలో పెట్టుకున్న ఏడు సంతకాలు.

గొడవలు రాలేదని చెప్పను. 2020లో స్టార్టరు కాలిపోతే ఎవరి డబ్బు పెట్టాలని పదిహేను రోజులు మాటల్లేవు. ఇప్పుడు మోటరు రిపేరుకు తడికి ఇంత అని డబ్బు పక్కన పెడతాం. ఒకరు ఎండాకాలంలో చెప్పకుండా టమాటా వేసినారు. దసరా అయినాక కూర్చొని డ్రమ్ము లెక్క, బావిలో మట్టం చూసి ఈ రబీకి ఎవరెంత వేయాలో తేల్చుకోవడం దాని తర్వాతే మొదలైంది. డ్రిప్పు సంగతి తెలిసిందే. చిన్న రైతులకు 90 శాతం రాయితీ ఉంది, పెట్టుకోండి. ఉడుతలు కొరికిన పైపులకు ముక్కలు, ఉప్పు పేరిన రంధ్రాలకు యాసిడ్ కడుగు మాత్రం మీ ఖర్చే.

ఆ 2023 ఆగస్టులో ఐదో రోజు వంతు బోరు లేని ఒక ఒంటరి ఆడమనిషిది. ఆ రోజుకు చిన్నాయన సొంత చెనిక్కాయ వాడిపోతోంది, ఆయన వంతు ఏడో రోజు. పొద్దున్నే పోయి చూస్తే ఆయనే ఆమె చేను వైపు వాల్వు తిప్పి నిలబడినాడు. "ఏం చిన్నాయనా, నీది ఎండుతాంది కదా" అన్నా. "వరుస తప్పితే రేపు నాకెవరిస్తారు మ్మే" అన్నాడు. ఏడో రోజుకు ఆయన చేన్లో సగం పోయింది. ఈ ఏడేండ్లలో నేను చూసినవాటిలో ఇదే నాకు అన్నిటికన్నా గట్టిగా గుర్తుంది.

సేద్యపు కుంట ఉపాధి హామీలో తవ్వించుకున్నాం. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన జిల్లా బండ్లపల్లిలోనే. పైన పది మీటర్లకు పది, లోతు రెండు, నిండితే 1.3 లక్షల లీటర్లు. మా గరపలో పది, పన్నెండు రోజులకు ఇంకిపోతుంది. తడికి నమ్ముకోలేం గానీ, కింద బోరుకు మేలు చేస్తుంది. 2022 వానల తర్వాత డ్రమ్ము రెండు నిమిషాలకే నిండింది. అది కుంట గొప్పా, వానల గొప్పా అని విడదీసి చెప్పలేను.

ఇప్పటికీ సరికానిది గొర్రెల మంద. సంక్రాంతి దాటినాక చేన్లన్నీ ఊరుమ్మడి మేత కిందే లెక్క. నేను నేలమీద కప్పింది వాటికి తిండి. ముళ్లకంప వేసి చూసినా, ఆగలేదు. గొర్లకాపరి మీద కోపం లేదు, ఆయనకూ ఎండాకాలం గడవాలి. రెండేండ్లుగా ఒక ఒప్పందం ఉంది: చెనిక్కాయ పీకిన ఎకరాలో రాత్రిపూట మంద పెట్టిస్తాం, దానికి గింజలు కొలుస్తాం, కప్పిన రెండెకరాల వైపు మంద రాకూడదు. ఒక ఏడు నిలిచింది, ఒక ఏడు నిలవలేదు, ఎందుకంటే మా ఒక్క చేనే పచ్చగా కనబడుతుంది. చుట్టూ పదిమంది కప్పితే ఆ బరువు పంచుకోబడుతుంది.

కౌలు రైతులకు చెయ్యమని నేను చెప్పను, చెప్పే హక్కు నాకు లేదు. నేల మారడానికి నాలుగేండ్లు, కౌలు మాట ఒక్క ఏడుకే. బాగుచేసినాక పొలం వెనక్కి తీసుకుంటే ఆ కష్టం ఎవరిస్తారు? భూమి ఉన్నవాళ్లు కనీసం ఐదేండ్లకు రాసిస్తే అప్పుడు మాట్లాడొచ్చు. ఆ వచ్చిన ఇద్దరిలో చిన్నామె కౌలుకే చేస్తోంది. ఆమెకు గొడ్డుసాళ్ల కొలత తాడు ఇచ్చి పంపినా, 3.6 మీటర్లకు ముడి వేసి. ఇంకొకామెకు సొంతం రెండెకరాలు. నా డబ్బాలో గింజలు రెండు కిలోలు, ఒక ఎకరాకే చాలేటట్టు కొలిచిచ్చినా.