మోషన్ సెన్సార్‌తో ఆరేళ్లు: నచ్చినవి, విసిగించినవి

అరచేతిలో పట్టే ఈ పెట్టె చేసే పని ఒక్కటే. అతిధ్వని తరంగాన్ని వదులుతుంది, ఎదుటి వస్తువుకు తగిలి అది తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం లెక్కగడుతుంది. నా పెట్టె సెకనుకు 20 సార్లు ఈ పని చేసి కంప్యూటర్ తెరమీద గ్రాఫు గీస్తుంది. భౌతికశాస్త్రం పాఠాలకు ఆరేళ్లుగా వాడుతున్నాను.

దాని ఎదుట ఒకే వేగంతో వెనక్కి నడిస్తే దూరం–కాలం గ్రాఫు తిన్నని ఏటవాలు గీతగా లేస్తుంది. పెట్టెవైపు వస్తే దిగుతుంది. రుణాత్మక వేగం గురించి అరగంట చెప్పినదానికన్నా ఆ నాలుగడుగులే నయం. నిలబడితే గీత అడ్డంగా సాగుతుంది. "ఆగాం కదా, సున్నాకు పడిపోలేదేం?" అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. చూస్తున్నది దూరం గ్రాఫు, మనసులో ఉన్నది వేగం గ్రాఫు!

పెట్టె విలువ నాకు నిజంగా తెలిసింది వాలు పలక దగ్గర. సెన్సార్‌ను కింద పెట్టి చిన్న బండిని పైకి తోశాను. సెకనుకు 1 మీటరు వేగంతో బయలుదేరి 1.25 సెకన్లకు ఆగి, వెనక్కి దొర్లింది. దూరం గ్రాఫు గుట్టలా వచ్చింది, పలకేమో తిన్ననిది. వేగం గ్రాఫులో గీత వాలుగా దిగుతూ సున్నాను దాటి అలాగే కిందికి పోయింది. బండి ఆగిన క్షణంలో వేగం లేదు, త్వరణం ఉంది. సున్నాకు పైనున్న త్రిభుజం వైశాల్యమే బండి ఎక్కిన దూరం, 0.625 మీటరు. పలక మీద స్కేలు పెడితే 62 సెంటీమీటర్లు వచ్చింది. సున్నా దగ్గర గీత కొద్దిగా విరగడాన్ని మొదటి ఏడాదంతా సెన్సార్ లోపమే అనుకున్నాను. కాదు, ఘర్షణ. ఎక్కేటప్పుడు అది గురుత్వంతో కలిసి లాగుతుంది, దిగేటప్పుడు దానికి అడ్డుపడుతుంది.

విసిగించేవీ ఉన్నాయి. 15 సెంటీమీటర్లకన్నా దగ్గరికి వస్తే పిచ్చి అంకెలు చూపిస్తుంది. వదులు బట్టలు ధ్వనిని మింగేస్తాయి కాబట్టి నడిచేవారు అట్ట పట్టుకోవాలి. త్వరణం గ్రాఫయితే రంపపు పళ్లే. దూరంలో 1 మిల్లీమీటరు తేడా వస్తే, 0.05 సెకనుతో భాగించగా వేగంలో 0.02 మీ/సె, మళ్లీ భాగిస్తే త్వరణంలో 0.4 మీ/సె² తప్పు. బండి త్వరణమే 0.8! గీతను నునుపు చేసే మీట ఒకటుంది కానీ, అది నడక ఆగినచోటి మలుపునూ గుండ్రంగా అరగదీస్తుంది. ఆపేసి ఉంచాను. త్వరణం కావాలంటే వేగం గ్రాఫు మీద స్కేలు పెట్టి వాలు కొలుస్తాం.

ఈమధ్య ఇంకో అలవాటు చేశాను. బండి తోయకముందే గ్రాఫు కాగితం మీద గీయాలి, ఆ తర్వాతే తెర వెలుగుతుంది.