వీధి నాటకానికి తగిన రికార్డరు: జూమ్ హెచ్1 ఎసెన్షియల్

ఎండలు ముదిరే వేళకు చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం మొదలవుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధి నాటకం, చాలా ఊళ్లలో పద్దెనిమిది రోజుల పాటు సాగి, చివరికి దుర్యోధన వధతోనూ అగ్నిగుండంతోనూ ముగుస్తాయి. అన్నమయ్య సంకీర్తనల మీద నాకు మొదటినుంచీ మక్కువ ఉంది. కొంతకాలంగా దానికి ఈ భారతాల పిచ్చి కూడా తోడయింది. రాత్రంతా విన్న పద్యాన్ని ఇంటికి తెచ్చుకుని మళ్లీ వినాలంటే ఫోను చాలదని తేలిపోయాక, జపానుకు చెందిన జూమ్ కంపెనీ 2024లో విడుదల చేసిన హెచ్1 ఎసెన్షియల్ అనే చేతి రికార్డరును తెప్పించుకున్నాను. వీడియో సమావేశాలు నడిపే కంపెనీకీ దీనికీ సంబంధం లేదు. ఇది 1983లో మొదలైన, సంగీత పరికరాలు తయారుచేసే సంస్థ. ఈ రికార్డరు వీధి నాటకానికి ఎంతవరకు పనికివస్తుంది, కచేరీకి ఎంతవరకు పనికివస్తుంది అన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నాను. మొదటిదానికి బాగా పనికివస్తుంది, రెండవదానికి ఒక మోస్తరుగా.

వీధి నాటకం ధ్వని ఎంత మొండిదో తెలిస్తే తప్ప ఈ తీర్పు అర్థం కాదు. వేషగాడు నేరుగా రంగం మీదికి రాడు. ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడితే, దాని వెనుక నుంచి ముందుగా గొంతు మాత్రమే, అదీ సన్నగా, వినిపిస్తుంది. నాటకానికి ప్రధాన గాయకుడైన భాగవతార్ దానిని అందుకుంటాడు, హార్మోనియం వెంట వస్తుంది, తాళాలు మెల్లగా కలుస్తాయి. తెర తొలగిన మరుక్షణం మద్దెల ఒక్కసారిగా పైకి లేస్తుంది, గజ్జెలు కట్టిన కాళ్లు నేలను తన్నుతాయి, దుర్యోధనుడో కీచకుడో మైకు ముందుకు వచ్చి రంకె వేస్తాడు, జనం ఈలలు వేస్తారు. ఇదంతా అర నిమిషంలో జరిగిపోతుంది. ఫోనులో వీడియో తీస్తే, ఆ ఫోను తనంతట తానే శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి, మద్దెల దెబ్బ పడిన ప్రతిసారీ గొంతు లోపలికి పోతుంది, పాట ఆగిన ప్రతిచోటా వెనకనున్న జనరేటరు మోత ఉబికి వస్తుంది. పాత తరహా రికార్డరయితే ధ్వని స్థాయిని ముందే చేతితో సరిచేసి పెట్టాలి. తెర వెనుక పాటకు సరిపెడితే రంకె పగిలిపోతుంది, రంకెకు సరిపెడితే తెర వెనుక పాట వినపడదు.

హెచ్1 ఎసెన్షియల్‌లో ఆ సరిచేసే చక్రమే లేదు. ఇది 32-బిట్ ఫ్లోట్ పద్ధతిలో రికార్డు చేస్తుంది. సీడీలో వాడే 16-బిట్ పద్ధతిలో అతి సన్నని ధ్వనికీ అతి పెద్ద ధ్వనికీ మధ్య ఉండగల అంతరం సుమారు 96 డెసిబెళ్లు, 24-బిట్‌లో సుమారు 144. ఫ్లోట్ పద్ధతిలో లెక్క ప్రకారం అది 1,500 డెసిబెళ్లు దాటుతుంది. భూమి మీద అంత పెద్ద చప్పుడు లేదు కనుక ఆ అంకెను చూసి మురిసిపోనక్కర లేదు. మనకు దక్కే ఫలం వేరు: లోపల రెండు మార్పిడి సర్క్యూట్లు, ఒకటి సన్నని ధ్వనికి, మరొకటి పెద్ద ధ్వనికి, ఏకకాలంలో పనిచేస్తూ ఉంటాయి కాబట్టి, స్థాయి సంగతి రికార్డింగు వేళ మరచిపోయి ఇంటికి వచ్చాక తీరికగా చూసుకోవచ్చు. ఎర్ర బొత్తాం నొక్కడం ఒక్కటే అక్కడ చేయవలసిన పని.

ఇది ప్రకటనల మాటో నిజమో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో తెరచి చూస్తే తెలుస్తుంది. దుర్యోధనుడి ప్రవేశం దగ్గర ధ్వని అల పైనా కిందా చదునుగా, కత్తిరించినట్టు కనిపిస్తుంది; మామూలు రికార్డింగులో అయితే ఆ భాగం పోయినట్టే. ఇక్కడ ఆ ముక్కను ఎంచి పన్నెండు డెసిబెళ్లు తగ్గించగానే, తెగిపోయాయనుకున్న శిఖరాలు వాటి అసలు ఆకారంలో కిందికి దిగి వస్తాయి, రంకెలో ఉన్న గరుకుతనం పగుళ్లు లేకుండా వినిపిస్తుంది. అదే ఫైలులో తెర వెనుక పాటను ఇరవై డెసిబెళ్లు పెంచినా మాటలు స్పష్టంగా ఉంటాయి. నాటకాలను రికార్డు చేసే వారికి ఈ ఒక్క సౌకర్యం చాలు, మిగతావన్నీ కొసరు.

అయితే 32-బిట్ ఫ్లోట్ సర్వరోగ నివారిణి అనుకునేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, ఇందులోని మైకులు 120 డెసిబెళ్ల ధ్వని వరకే తట్టుకుంటాయి. అంతకు మించితే మైకే వంకరగా వింటుంది, ఆ వంకరను ఏ అంకెలూ సరిచేయలేవు. రెండవది, ఇంకా ముఖ్యమైనది, మన ఊళ్ల మైకుసెట్టు. చెట్టుకు కట్టిన గొట్టం మైకులోంచి ముందే పగిలి వచ్చే గొంతును ఎంత మంచి రికార్డరయినా పగిలిన గొంతుగానే పడుతుంది. కాబట్టి గొట్టాలకు దూరంగా, మనుషులకు దగ్గరగా పెట్టుకోవడమే ఉపాయం. పీలేరు వైపు ఒక ఊరి భారతంలో నేను రంగానికి ఎదురుగా స్టాండు నిలబెడుతుంటే హార్మోనియం వాయించే పెద్దాయన చూసి, "ఆడ పెడితే నీకు గొట్టం మోతే పడతాది సామీ, ఈడ నా పక్కన పెట్టు, వేషగాళ్లు ఎట్లా నా దగ్గరికే వస్తారు శ్రుతికి" అన్నారు. ఏ మాన్యువల్‌లోనూ లేని సలహా ఇది. వేషగాళ్లు పద్యం ఎత్తుకునే ముందు శ్రుతి కోసం నిజంగానే హార్మోనియం వైపు ఒక అడుగు వేస్తారు. అక్కడ ఉన్న రికార్డరుకు గొట్టంతో పనిలేకుండా అసలు గొంతే అందుతుంది. రెండు మైకులు తొంభై డిగ్రీల కోణంలో ఒకదానినొకటి దాటుతూ అమర్చి ఉన్నందువల్ల, ఇంట్లో వింటున్నప్పుడు తాళాలు ఎడమన, మద్దెల కుడిన, వేషగాడు అటునుంచి ఇటు తిరుగుతున్నట్టు తేటగా తెలుస్తుంది.

అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు ఈ పరికరానికి అసలైన పరీక్ష. నిలువునా పాతిన పొడవైన మానుకు మెట్లు కొట్టి ఉంటాయి. అర్జున వేషధారి ఒక్కొక్క మెట్టు దగ్గర ఆగి పద్యం పాడుతూ పైకి పోతాడు; సంతానం కోరిన స్త్రీలు తడిబట్టలతో కింద సాష్టాంగపడి ఉంటారు; పైకి చేరాక అతడు నిమ్మకాయలు విసిరితే ఒళ్లో పట్టుకోవడానికి జనం ఎగబడతారు. గొంతు నిమిషనిమిషానికి దూరమవుతుంది, కింద గోల పెరుగుతుంది. మాను మొదట్లో పెట్టిన రికార్డరులో మొదటి పద్యాలు నిండుగా ఉన్నాయి, పైమెట్ల పద్యాలను పెంచి వినవలసి వచ్చింది, నిమ్మకాయల ఘట్టంలో అర్జునుడు దాదాపు జనంలో కలిసిపోయాడు. దీనిని లోపంగా లెక్కించలేను. స్థాయిని పెంచుకోవచ్చు గాని దూరాన్ని తగ్గించుకోలేము. ఫ్లోట్ రికార్డర్లు కొనేవారు ఎక్కువగా పొరబడేది ఈ తేడా దగ్గరే.

బ్యాటరీ విషయంలో ఫిర్యాదు లేదు. టీవీ రిమోట్‌లో వేసే సన్న బ్యాటరీలు రెండు చాలు. ఆల్కలైన్ రకం వేస్తే సుమారు పది గంటలని కంపెనీ లెక్క. రాత్రి పదికి మొదలై తెల్లవారుజామున ముగిసే నాటకానికి సరిపోతుంది, అవి పల్లెలోని చిల్లర అంగడిలో కూడా దొరుకుతాయి, కావాలంటే యూఎస్‌బీ-సి తీగతో పవర్ బ్యాంకుకూ తగిలించుకోవచ్చు. మెమరీ కార్డు మాత్రం విడిగా కొనుక్కోవాలి. 48 కిలోహెర్ట్జ్‌లో రెండు చానళ్ల ఫ్లోట్ రికార్డింగుకు గంటకు దాదాపు 1.4 గిగాబైట్లు పడుతుంది, అంటే ఎనిమిది గంటల రాత్రికి పదకొండు. 32 గిగాబైట్ల కార్డులో రెండు రాత్రులు నిక్షేపంగా పడతాయి. వేవ్ ఫైలుకు 4 గిగాబైట్ల హద్దు ఉన్నందున రాత్రంతా ఒకే ఫైలుగా రాదు, ముక్కలుగానే వస్తుంది. చిత్తూరు నాగయ్య తరం గాయక నటులు 78 ఆర్‌పీఎం గ్రామఫోను ప్లేటు మీద ఒక్కో వైపు మూడు నిమిషాల చొప్పున పద్యాన్ని కుదించి పాడవలసి వచ్చిందని తలచుకుంటే, రాగం తీసినంతసేపూ తీసే మన భాగవతార్ల అదృష్టం ఎంతటిదో తెలుస్తుంది.

గాలి సంగతి వేరు. స్పాంజి తొడుగు పెట్టెలో రాదు, విడిగా కొనాలి, కొనకుండా ఆరుబయటికి వెళ్లకూడదు. తక్కువ పౌనఃపున్యపు మోతను కోసివేసే లో-కట్ అనే ఏర్పాటు ఇందులో ఉంది. రంగం వెనుక జనరేటరు ఉన్నచోట దానిని వేసి ఉంచడం మంచిది, మద్దెల ఎడమవైపు పలికే గుమ్కీ అనే గంభీర నాదం కాస్త పలచబడినా సరే. చేత్తో పట్టుకుని రికార్డు చేయడం మాత్రం ఈ జాతి రికార్డర్లన్నిటిలోనూ తప్పు పనే, ఎందుకంటే వేలు కదిలిన చప్పుడు కూడా లోపలికి పోతుంది. వెనుక కెమెరా స్టాండుకు బిగించే మర ఉంది, దానిని వాడుకోవాలి. చూపు లేనివారి కోసం మెనూను చదివి వినిపించే గొంతు కూడా పెట్టారు, మెచ్చుకోదగ్గ ఆలోచన. ఆ భాషల్లో తెలుగు లేదు.

ఇక సంగీతం. తిరుపతిలో కచేరీలకు కొదవ లేదు. 1959లో మొదలైన శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఇక్కడే ఉంది, అన్నమాచార్య కళామందిరం ఉంది, మహతి ఆడిటోరియం ఉంది. కచేరీని రికార్డు చేయాలంటే నిర్వాహకులనూ పాడేవారినీ ముందుగా అడిగి తీరాలి. నాటకాల వారినీ అంతే, కాకపోతే పల్లెలో అడిగితే కుర్చీ కూడా వేస్తారు. నేను ఎక్కువగా ప్రయత్నించింది బంధువుల ఇంట్లో, పక్కన తంబురా పెట్టుకుని నింపాదిగా పాడే అన్నమయ్య కీర్తనల మీద. ఇక్కడ రికార్డరు బలహీనత బయటపడుతుంది. చిన్న మైకులు కాబట్టి వాటికి స్వతహాగా ఉండే బుసబుస, మంద్రస్థాయిలో పాడిన చరణాన్ని పెంచి వింటే, తంబురా వెనుక పలచని పొరలా వినిపిస్తుంది. ఫ్లోట్ పద్ధతి స్థాయిని కాపాడుతుంది గాని మైకు నాణ్యతను పెంచదు. వీధి నాటకంలో అసలే వినపడని ఆ పొర వీణ దగ్గరికి వచ్చేసరికి చెవిన పడుతుంది. గాయకులకు ఒకటిన్నర అడుగుల దూరంలో పెట్టి, ఫ్యాను ఆపితే చాలావరకు సర్దుకుంటుంది. తిరుపతి మే నెలలో ఫ్యాను ఆపి పాడమని అడగగలిగే చనువు ఉంటేనే ఆ సలహా పనికివస్తుంది.

దీనితో పాటు నాకు మరొక ఖర్చు తగిలింది. ఏమి రికార్డవుతున్నదో అక్కడే వినడానికి 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఇచ్చారు, అందుకు తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు కావాలి. బ్లూటూత్‌వి అలవాటయిన చెవికి ఇది వెనకడుగులా తోచవచ్చు గాని, బ్లూటూత్‌లో ధ్వని కొంత ఆలస్యంగా చేరుతుంది కాబట్టి, కళ్లెదుట మద్దెల మీద చెయ్యి పడినప్పుడు చెవిలో దెబ్బ తరువాత వినిపిస్తే ఏకాగ్రత చెడుతుంది. తిరుపతి గాంధీ రోడ్డులో దొరికే చవక రకం తీగ ఇయర్‌ఫోన్లు పరీక్షకు సరిపోతాయి. ఇంట్లో వినడానికి ఇంకాస్త మంచివి కొన్నాను, అది నా సరదా.

అమెరికాలో దీని విడుదల ధర వంద డాలర్ల లోపే. ఫోనులో తీసి ఇన్‌స్టాలో పెట్టి మరచిపోయేవారికి ఇది అనవసరం. పద్య నాటకాలో, హరికథలో, చెక్క భజనలో మైకుసెట్టు మధ్య పట్టుకోవాలనుకునేవారు మాత్రం నిశ్చింతగా తీసుకోవచ్చు. రికార్డయిన ఫైళ్లను అలాగే పంచితే కార్లలోనూ పాత ఫోన్లలోనూ చాలావరకు మోగవు కనుక ఎంపీ3గా మార్చి ఇవ్వాలి. నాటక బృందానికి నేను పెన్‌డ్రైవులో ఎంపీ3గానే ఇచ్చాను. భాగవతార్ గారు విని, మరునాడు ఫోను చేసి, "బాగుండాది నాయనా, ఆ హార్మోనియం కొంచెం తగ్గించి నా గొంతు పెంచు" అన్నారు. రెండు చానళ్ల రికార్డరులో అన్నీ కలిసిపోయే ఉంటాయి కనుక అది కుదిరే పని కాదు. ఆయన కోరిక తీరాలంటే గొంతుకు వేరే మైకు పెట్టి వేరే ట్రాకులో పట్టే హెచ్4 ఎసెన్షియల్ కావాలి. వచ్చే ఎండాకాలం లోపల దానిని కొనే ఉద్దేశం నాకు లేదు, ఆ మాట ఆయనతో ఇంకా చెప్పలేదు.