బరంపురంలో అమ్ముతున్న చీనా అక్షరాల పటం: పటం మేలు, వివరణ తప్పు

బరంపురం బడా బజారు ప్రాంతంలో బహుమతి వస్తువులమ్మే ఒక దుకాణంలో, చెక్క చట్రంలో బిగించిన నాలుగు చీనా అక్షరాల పటం రూ. 650కి దొరుకుతోంది. కుంచెరాతను పోలిన ముద్రణ నిండుగా, శుభ్రంగా ఉంది. వెనుక కొక్కెం మాత్రం పలుచన. గోడకు తగిలించే ముందే మార్చుకోవాలి. నా అసలు అభ్యంతరం పటంతో పాటు ఇచ్చే వివరణ కాగితం మీద. అందులో 'ఇంట శాంతి, సిరిసంపదలు' అని అచ్చువేసి, గృహప్రవేశాలకు శుభప్రదమంటూ అమ్ముతున్నారు.

పటంలో ఉన్నది 'జ్యూ ఆన్ సి వేయ్' అనే ప్రాచీన నానుడి. నిశ్చింతగా ఉన్న రోజుల్లోనే రాబోయే ఆపదను తలచుకోవాలని దాని భావం. శాంతికాలం గురించినదే అయినా అది దీవెన కాదు, హెచ్చరిక.

'జువో జువాన్' అనే చరిత్ర గ్రంథంలో క్రీ.పూ. 562 నాటి ఘట్టంలో ఈ మాట వస్తుంది. జెంగ్ రాజ్యం జిన్ రాజ్య పాలకుడైన దావ్‌తో సంధికి వచ్చి, సంగీత విద్వాంసులను, 100 యుద్ధరథాలను, రెండు వరుసల గంటలను, ఆటపాటలు నేర్చిన 16 మంది స్త్రీలను కానుకగా పంపింది. పొరుగు తెగలతో పొత్తు కుదుర్చుకొమ్మని తన కొలువులోని అధికారి వేయ్ జియాంగ్ చెప్పినందువల్లనే 8 ఏళ్లలో 9 సార్లు రాజ్యాధిపతులందరినీ ఒక్కచోట చేర్చగలిగానని మెచ్చుకుంటూ, దావ్ ఆ సంగీత సంపదలో సగం ఆయనకివ్వబోయాడు. వేయ్ జియాంగ్ వద్దని, పూర్వ లేఖనాల్లోని మాటగా దీన్ని వినిపించాడు: సుఖంలో ఆపదను తలచుకో, తలచుకుంటే సన్నద్ధుడవవుతావు, సన్నద్ధుడికి చేటు లేదు. ప్రభువు పట్టుబట్టిన మీదట కానుకను పుచ్చుకున్నాడనుకోండి. అందువల్ల ఆయన నాకు మరింత నమ్మదగిన మనిషిగానే కనిపిస్తాడు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమనే మనవాళ్లకు, అందులోనూ గంజాం తీరవాసులకు, ఈ భావం కొత్తది కాదు. 1999 నాటి పెనుతుపానులో వేలాది ప్రాణాలు పోయిన తరువాత ఒడిశా ఆశ్రయ భవనాలు కట్టి, ముందస్తు తరలింపును అలవాటు చేసుకున్నందువల్లనే, 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వద్ద తీరం దాటినప్పుడు మృతుల సంఖ్య పదుల్లో ఆగింది. అలాంటి ఊళ్లో ఈ మాటను సిరిసంపదల దీవెనగా అమ్మడం విచిత్రం.

చట్రం లేని చిన్న పటం రూ. 300కే ఇస్తున్నారు గాని, అందులో అక్షరాల అంచులు అలుక్కుపోయాయి. పెద్దదే తీసుకోండి, బహుమతిగా ఇచ్చేటట్లయితే ఆ కాగితాన్ని తీసేసి, అసలు భావాన్ని తెలుగులోనో ఒడియాలోనో పటం వెనుక మీరే రాసి ఇవ్వండి.