కార్డు వెనక ఏముంది? మూడు రంజాన్లు వాడిన హదీసు కార్డుల పెట్టె

ఈ పెట్టె గురించి ఏడాది క్రితం మా చుట్టాల గ్రూపులో ఒకసారి రాశాను. "కళ్ళు మూసుకుని కొనేయండి" అన్నాను. నా మాట మీద నలుగురైదుగురు కొన్నారు కూడా. ఇప్పుడు మూడో రంజాన్ కూడా అయిపోయింది. పెట్టె మూత ఊడిపోతే రబ్బరు బ్యాండు వేసి ఉంచాం. కళ్ళు తెరుచుకునే కొనమని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

నలభై కార్డులు, ఒక్కోదాని మీద ఒక హదీసు, అంటే ప్రవక్త ముహమ్మద్ (స) మాటో పనో చెప్పే కథనం. ముందువైపు అరబీ, కింద తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ, దాని కింద అర్థం. ఇలాంటివి ఇప్పుడు చాలానే వస్తున్నాయి కాబట్టి ఆ వివరాల జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది కార్డు వెనకవైపు గురించి.

కొన్న రోజు ఆ వెనకవైపు చూసి నాకు చిరాకేసింది. బొమ్మ లేదు, రంగు లేదు. ఎవరి కథనం, ఏ గ్రంథం, ఎన్నో నంబరు, అంతే, మూడు గళ్ళు. పిల్లల కార్డుకి ఈ గుమాస్తా లెక్కలెందుకు, ఆ జాగాలో ఒంటె బొమ్మో ఖర్జూరం చెట్టో వేస్తే పోయేది కదా అనుకున్నాను. మొదటి కార్డయితే మరీ ఘోరం. "పనులన్నీ సంకల్పాలను బట్టే" అన్న హదీసు అది, బుఖారీగారు కూర్చిన సహీహ్ బుఖారీ అనే హదీసు గ్రంథం దానితోనే మొదలవుతుంది. వెనక ఆరు పేర్లు వరసగా ఉన్నాయి: హుమైదీ, సుఫ్యాన్, యహ్యా ఇబ్న్ సయీద్, ముహమ్మద్ ఇబ్న్ ఇబ్రాహీం, అల్ఖమా, చివర్న ప్రవక్త (స) సహచరుడు హజ్రత్ ఉమర్ (రజి). ఆ వరస నేనెప్పుడూ చదివినదాన్ని కాదు. చిన్నప్పుడు సంగడిగుంటలో అరబీ చదువుకి వెళ్ళినప్పుడు మాకు హదీసంటే ముందువైపే. గడగడా అప్పజెప్పడం, ఇంటికి రావడం. దానికి వెనక అనేది ఒకటుంటుందని మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మా పెద్దదానికి అప్పుడు ఏడేళ్ళు. అది ఆ ఆరు పేర్లనీ స్టేషన్లలాగా చదివింది. గుంటూరు నుంచి విజయవాడలో మా అమ్మగారింటికి ప్యాసింజర్లో వెళ్తుంటాం. నంబూరు, మంగళగిరి, కృష్ణా కెనాల్ అని దానికి దారంతా నోటికొచ్చు. "అమ్మీ, ఉమర్ (రజి) గుంటూరు, హుమైదీ విజయవాడ. అక్కడ బుఖారీగారు ఎక్కించుకున్నారు" అంది. నాకు నవ్వొచ్చింది. మా వీధి మసీదు హజ్రత్‌కి, అంటే అక్కడి మౌల్వీగారికి, చెబితే ఆయన మాత్రం నవ్వలేదు. "సరిగ్గా పట్టుకున్నావు బేటీ. మరి మంగళగిరి మీదుగా పోకుండా బండి నంబూరు నుంచి కృష్ణా కెనాల్‌కి ఎలా చేరుతుంది?" అని అడిగారు. మధ్యలో ఒక పేరు జారిపోయినా హదీసు బలహీనపడుతుందని అప్పుడు చెప్పారు. స్టేషన్లు ఉంటే చాలదట, వాటి మధ్య పట్టాలు కూడా ఉండాలట. అంటే ఆ ఇద్దరూ ఒకే కాలంలో బతికి ఉండాలి, ఒకరినుంచి ఒకరు విని ఉండాలి, నిజం చెప్పేవాళ్ళై ఉండాలి, జ్ఞాపకశక్తి గట్టిదై ఉండాలి. ముప్పై ఆరేళ్ళొచ్చిన నాకు ఇస్నాద్ అంటే, ఈ చెప్పినవాళ్ళ వరస అంటే, ఏమిటో ఆ పూట తెలిసింది, మా అమ్మాయి పక్కన కూర్చుని.

ఆ తర్వాత వెనకవైపుతో పిల్లలే ఒక ఆట కట్టారు. కార్డులు పంచుకుని, ఒకే ఉల్లేఖకుడివి ఎక్కువ ఎవరి చేతికొస్తే వాళ్ళు గెలిచినట్టు. హజ్రత్ అబూ హురైరా (రజి) వచ్చినవాళ్ళదే ఎప్పుడూ గెలుపు. ఒకరోజు మా పెద్దదానికి ఒళ్ళు మండి లెక్క తీయించింది. ఆయన ప్రవక్త (స) దగ్గరున్నది మూడు నాలుగేళ్ళే, ఆయన పేరున ఉన్న కథనాలు 5,374. పదేళ్ళు సేవ చేసిన హజ్రత్ అనస్ (రజి)వి 2,286, భార్యగా ఇంట్లోనే ఉన్న హజ్రత్ ఆయిషా (రజి)వి 2,210. ఇదేం న్యాయం అంది. దీనికి అబూ హురైరాగారే జవాబు చెప్పి ఉన్నారు, బుఖారీలో ఉంది. ముహాజిర్లకి (మక్కా నుంచి వలస వచ్చినవాళ్ళకి) బజారు పని, అన్సార్లకి (మదీనా వాళ్ళకి) పొలం పని, తానేమో కడుపు నిండితే చాలనుకుని ప్రవక్త (స)ను అంటిపెట్టుకుని ఉన్నారు. మావారు మిర్చి యార్డులో కమీషన్ కొట్లో గుమాస్తా. సీజన్లో తెల్లారకముందే పోతారు, ఇంట్లో ఏం జరిగిందో రాత్రి వచ్చి మమ్మల్ని అడుగుతారు. కాబట్టి ఈ విషయం దానికి విడమరిచి చెప్పే అవసరం రాలేదు. "అయితే అబ్బా ముహాజిర్" అని తేల్చేసింది.

ఇక అసలు సంగతి. పోయినేడు రంజాన్‌లో ఇఫ్తార్‌కి మా అన్న ఇంటికి వెళ్ళాం. అన్న ఇంట్లోనే ట్యూషన్లు చెబుతాడు. ఆ గది గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక చార్టు ఉంటుంది: "విద్య కోసం చైనాకైనా వెళ్ళండి – హదీసు". నా పదో తరగతి నాటికే అది అక్కడుంది. ఆ రోజు పిల్లలందరినీ కూర్చోబెట్టి ఆయన ఆ మాటే అందుకున్నాడు. నోట్లో ఖర్జూరంతో మా అమ్మాయి అడిగింది: "మామూ, దీని వెనక ఏముంది?"

"గోడ ఉంది" అన్నాడు అన్న. అందరూ నవ్వారు. అది నవ్వలేదు. "అది కాదు మామూ, ఎవరు విన్నారు? ఏ కితాబు? నంబరు?"

అన్న మొహం చూసి నాకు ప్లేటు పట్టుకుని వంటింట్లోకి పోవాలనిపించింది. పెద్దవాళ్ళని అలా అడగొచ్చా అని వదిన అననే అంది. అన్న మాత్రం, కోపమొచ్చిందో పట్టుదలొచ్చిందో, తరావీహ్ (రంజాన్ రాత్రి నమాజు) అయ్యాక హజ్రత్‌ని అడిగాడు. ఆ మాటకి గట్టి సనద్ (చెప్పినవాళ్ళ గొలుసు) లేదని, 12వ శతాబ్దపు పండితుడు ఇబ్నుల్ జౌజీ దాన్ని కల్పిత హదీసుల్లో చేర్చారని ఆయన నెమ్మదిగా చెప్పారు. దాని బదులు సహీహ్ ముస్లిం అనే ఇంకో హదీసు గ్రంథంలోది ఒకటి చెప్పారు: "ఎవరైతే విద్యను వెతుక్కుంటూ ఒక దారిన నడుస్తారో, వారికి అల్లాహ్ స్వర్గానికి దారి సులువు చేస్తాడు." అది మా పెట్టెలోనే ఉంది. అబూ హురైరా (రజి), ముస్లిం, 2699.

"అర్థం బాగానే ఉందిగానీ, చైనా అన్న మాటలో ఉన్న ఊపు ఇందులో లేదు" అన్నాడు అన్న. చార్టు తీయలేదు. దాని కింద చిన్న అక్షరాలతో ఈ హదీసు రాసి, నంబరు కూడా వేశాడు. పైదాని పక్కనున్న "హదీసు" అనే మాట మీద తెల్లకాగితం అంటించాడు.

నేను గ్రూపులో గొప్పగా రాసింది ఆ వారమే. ఆ పొంగులో రాయనివి కొన్ని ఉన్నాయి.

ఒకటి, తెలుగు ఉచ్చారణ. మన లిపిలో అరబీ ఖాఫ్‌కీ కాఫ్‌కీ విడివిడి అక్షరాలు లేవు, నిజమే. కనీసం కింద చుక్క పెట్టొచ్చు కదా. "దేహంలో ఒక మాంసపు ముద్ద ఉంది, అది బాగుంటే దేహమంతా బాగుంటుంది, అదే హృదయం" అన్న కార్డులో హృదయానికి 'కల్బ్' అని వేశారు. దాహంతో ఉన్న కుక్కకి ఒకాయన బావిలో దిగి మేజోడుతో నీళ్ళు తెచ్చి పట్టిన కార్డులోనూ 'కల్బ్' అనే ఉంది. అక్కడది కుక్క. మావాడికి అప్పుడు అయిదేళ్ళు. రెండు కార్డులూ కలిపి చదివి, తన గుండెలో ఒక కుక్క ఉందని వారం రోజులు నమ్మాడు. దానికోసం నీళ్ళు కూడా ఎక్కువ తాగాడు. ఫోన్లో వాడు చదువుతుంటే విన్న మా అమ్మ ఉలిక్కిపడి నన్ను తిట్టింది. అరబీ మాత్రం ఈ కార్డులు చూసి నేర్పకండి, మనిషి దగ్గర నేర్పించండి.

ఇంకోటి నంబర్లు. హజ్రత్ దగ్గరున్న ఉర్దూ ప్రతిలో సహీహ్ ముస్లిం హదీసుల నంబర్లు కార్డులతో కలవలేదు. ముద్రణని బట్టి లెక్క మారుతుందట. నంబరుతోపాటు అధ్యాయం పేరు కూడా వేస్తే ఈ వెతుకులాట తప్పేది.

ఇవి సర్దుకుపోదగ్గవే. నా కడుపు మండింది ముప్పై నాలుగో కార్డు దగ్గర. ముందువైపు "అమ్మ పాదాల కింద స్వర్గం ఉంది". నలభైటిలో గులాబీ పువ్వు వేసింది ఈ ఒక్కదానికే. వెనక మూడు గళ్ళూ ఖాళీ. కథనం లేదు, గ్రంథం లేదు, నంబరు లేదు. రెండేళ్ళు వాడినా నేను చూడలేదు, చూసింది మా అమ్మాయే. మామూ ఇంట్లో అంత రాద్ధాంతం చేసిన పిల్ల, ఈ కార్డు పట్టుకొచ్చి ఏం మాట్లాడకుండా నా ముందు పెట్టింది.

పెట్టె మీదున్న నంబరుకి ఫోన్ చేశాను. "అది అందరికీ తెలిసిన హదీసే కదమ్మా" అన్నాడు అవతలాయన. అందరికీ తెలిసిందనే చైనా మాటని కూడా నమ్మాం కదయ్యా అన్నాను. వచ్చే ముద్రణలో చూస్తామన్నాడు. మొన్న ఒకరి చేతిలో కొత్త పెట్టె చూశాను. గులాబీ ఉంది, గళ్ళు ఖాళీగానే ఉన్నాయి.

అమ్మ పాదాల గురించి ప్రచారంలో ఉన్న ఆ మాటకి సనద్ సరిగ్గా లేదని హజ్రత్ చెప్పారు. కానీ నసాయీ అనే హదీసు గ్రంథంలో ఒకటి ఉంది, 3104. జాహిమా అనే ఆయన యుద్ధానికి వెళ్తానని సలహా అడగడానికి వస్తే, "మీ అమ్మ ఉందా?" అని ప్రవక్త (స) అడిగారు. ఉందన్నారు. "అయితే ఆమెను అంటిపెట్టుకుని ఉండు, స్వర్గం ఆమె పాదాల కిందే ఉంది" అన్నారు. ఇంత చక్కటి సంగతి చేతికి అందేంత దూరంలో పెట్టుకుని గళ్ళు ఖాళీగా వదిలేశారు.

బాల్‌పెన్‌తో నేనే ఆ గళ్ళు నింపాను. "నీకెవరు చెప్పారు అమ్మీ?" అంది మా అమ్మాయి. హజ్రత్ అన్నాను. పెన్ను తీసుకుని నసాయీ కింద 'హజ్రత్', దాని కింద 'అమ్మీ', దాని కింద తన పేరు రాసుకుంది.

కొనాలా వద్దా అంటే, మా పరిస్థితి వేరు. మా వీధిలోనే ఓపికున్న హజ్రత్ ఉన్నారు, పెద్దది ప్రశ్నల పుట్ట, దానికి తెలుగు చదవడం బాగా వచ్చు. ఇంగ్లీష్ మీడియంలో పడి తెలుగు కూడబలుక్కునే పిల్లలకి ఇది పెట్టెలోనే ఉండిపోతుంది, మా ఆడపడుచు పిల్లల విషయంలో అదే జరిగింది. మా చిన్నోడికి మూడేళ్ళలో గట్టిగా వచ్చినవి రెండే. ఒకటి పిచ్చుక చచ్చిపోయిన పిల్లాణ్ణి ప్రవక్త (స) "ఓ అబూ ఉమైర్, నీ పిట్ట ఏమైంది?" అని పలకరించింది. రెండోది "బిస్మిల్లాహ్ అను, కుడిచేత్తో తిను, నీ దగ్గరున్నదే తిను". రెండోదాన్ని బిర్యానీ రోజున అక్క చెయ్యి వాడి ముక్క వైపు వచ్చినప్పుడు మాత్రమే చదువుతాడు, ఉమర్ ఇబ్న్ అబీ సలమా కథనం, బుఖారీ అని వెనకవైపుతో సహా.